గోడల పెద్ద

నార్త్ డెనిసన్, మసాచుసెట్స్
1937 మార్చి 2

లొవీసా అత్తయ్యకు,

నేను ఊరు వదిలి నీ దగ్గరికి రాకపోవడానికి కారణం ఆ సర్వేయరు కుర్రాడేనని అమ్మ నీకు రాసిందట. నాన్న లెక్క వేరు. కాలేజీ చదువు నా తలకి ఎక్కిందని, అది దిగేదాకా ఎక్కడున్నా ఒకటేనని ఆయన అభిప్రాయం. పాతికేళ్ళు నన్ను పెంచిన ఇద్దరు మనుషులు నా గురించి కనిపెట్టింది ఇంతేనా అని నాకు ఒళ్ళు మండుతుంది. ఆ సర్వేయరు సూప్ తాగితే వీధి చివరిదాకా వినిపిస్తుంది, అత్తయ్యా. అతని కోసం నేను ఆ వీధి చివరిదాకా కూడా నడవను.

ఎందుకు ఉండిపోయానని నువ్వైనా సరిగ్గా అడుగు, చెప్తాను. ఒక ఊరు చచ్చిపోతుంటే ఎలా ఉంటుందో చూడాలని ఉంది. బోస్టన్‌కి నీళ్ళు కావాలి కాబట్టి మన లోయ చెరువైపోతుంది, వచ్చే ఫిబ్రవరి ఆఖరుతో చట్టం ప్రకారం నార్త్ డెనిసన్ అనే ఊరు ఉండదు. ఇదే చట్టం నేను బడిలో పాఠం చెప్పాను: రాజ్యాంగం, ఐదో సవరణ, ప్రజల అవసరానికి ఆస్తి తీసుకుంటే న్యాయమైన పరిహారం ఇవ్వాలి. ఒక పిల్ల లేచి, "మరి చచ్చిపోయినవాళ్ళు ఎవరి ఆస్తి టీచర్?" అంది. పాఠం అయిపోయిందని గంట కొట్టించాను. ఇప్పుడు ఆ బడీ లేదు, గంటా లేదు.

నిన్న ఆఖరి ఊరిసభ జరిగింది. ఏటా కొత్తగా పెళ్ళయినవాణ్ణి పందుల కాపరిగా ఎన్నుకుని ఏడిపించడం మనవాళ్ళకి అలవాటు కదా. ఈ ఏడు ఊళ్ళో పెళ్ళీ లేదు, పందీ లేదు. నవ్వడానికి ఏమీ మిగల్లేదని అందరూ మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. అప్పుడు వెనక బెంచీ నుంచి కొట్టు నడిపే లూథర్ లేచాడు.

"గోడల పెద్దగా థర్జా ప్రౌటీ పేరు చెప్తున్నానయ్యా. పుట్టినప్పటి నుంచీ అందరి గోడల మీదుగా తొంగిచూస్తూనే ఉంది. ఆ పనికి ఒక హోదా అయినా పడేద్దాం."

సభ పగలబడి నవ్వింది. నాన్న కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుని మరీ. "సరేననేవాళ్ళు?" అని అధ్యక్షుడు అడిగితే "సరే!" అన్న అరుపుకి పైకప్పు ఎగిరింది. నేను లేచి ముందుకి నడిచి, కుడిచెయ్యి ఎత్తి, "ప్రమాణం చేయించండి" అన్నాను. నవ్వు మధ్యలోనే తెగిపోయింది. ఆడవాళ్ళకి ఓటొచ్చి పదిహేడేళ్ళయినా, ఒక ఆడది ప్రమాణానికి చెయ్యెత్తడం ఆ గదిలో అంతకు ముందు ఎవరూ చూడలేదు.

ఇద్దరు ఇరుగుపొరుగులు గోడ దగ్గర తగువు పడితే, గోడల పెద్ద వెళ్ళి చూసి హద్దు ఎక్కడో చెప్పాలి. చెప్పాక ఇద్దరూ వినాలి. కాలేజీలో నాకు కాంగ్రెసు, సుప్రీం కోర్టు, అధ్యక్షుడు అని పెద్ద పెద్ద గుమ్మటాలు చూపించారు. నాకేమో ఈ దేశం మొత్తం ఇక్కడ మొదలైందనిపిస్తుంది: ఇద్దరు రైతులు, మధ్యలో ఒక గోడ, చెయ్యెత్తి ప్రమాణం చేసిన మూడో మనిషి.

వెనక పొలంలో మంచు కరిగిపోయింది, గోడ పక్క మూల తప్ప. అక్కడ తెల్లటి చారలు, మనిషి పొడుగువి, పక్కపక్కనే. ఏటా చూస్తాను. నాన్న ఆ మూల నాగలి ఎందుకు పెట్టడో ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదని నిన్ననే తట్టింది.

నీ థర్జా

*

వూస్టర్
మార్చి 14

థర్జా,

నీ ఉత్తరం భోజనాల దగ్గర మా అద్దెవాళ్ళకి చదివి వినిపించాను. పందుల దగ్గర అందరూ నవ్వారు. తర్వాత నా గదిలోకి వచ్చి మళ్ళీ చదువుకుంటే నవ్వు రాలేదు.

సర్వేయరు సంగతి నేనెప్పుడూ నమ్మలేదు. మీ అమ్మకి ఆడపిల్ల ఎక్కడైనా ఆగిందంటే అక్కడ ప్యాంటు వేసుకున్నవాడు ఉండి తీరాలి. నేను వూస్టర్ వచ్చినప్పుడు కూడా ఇలాగే అంది. నేను వచ్చింది మీ ఇంట్లో నిశ్శబ్దం పడలేక.

హాస్యానికి ఇచ్చిన పదవిని హాస్యంగానే తీసుకోవాలి తల్లీ. పెళ్ళిలో కట్టిన కాగితం పూలు తెచ్చి ఎవరూ కుండీలో నాటరు. ఇక్కడ పైగదికి ఎండ బాగా వస్తుంది, ఖాళీ చేయించి పెట్టాను. బడిలో పని కావాలంటే నాకు తెలిసినవాళ్ళున్నారు. ఆ గోడలు ఎలాగూ చేపల పాలు. వాటిని చూసి నువ్వు తేల్చేదేముంది?

వెనక మూల లిలాక్ పొద ఇంకా ఉందా? పూస్తోందా? ఊరికే అడిగాను.

లొవీసా

*

నార్త్ డెనిసన్
మే 23

అత్తయ్యా,

లిలాక్ ఉంది. ఈసారి కొమ్మలు వంగేలా పూసింది. నువ్వు అడిగాక వెళ్ళి దాని కింద నిలబడ్డాను. మనవాళ్ళు లిలాక్‌ని గుమ్మం పక్కన నాటుతారు, ఇంకెక్కడా నాటరు. ఇల్లు కాలిపోయినా పొద ఉంటే, ఇక్కడొక గుమ్మం ఉండేదని చెప్పచ్చు. ఆ మూల ఎప్పుడూ ఇల్లు లేదు. మరి అది ఎవరి గుమ్మం?

ఇక్కడ ఊరంతా పొగ. ఖాళీ అయిన ఇళ్ళు తగలబెడుతున్నారు, చెట్లు నరుకుతున్నారు. శ్మశానాలు తవ్వి తరలిస్తున్నారు. నీటి కమిషన్ మనుషులు మర్యాదస్తులే. ఎవరి సమాధి ఎక్కడుందో చెప్తే చాలు, టోపీ తీసి, తవ్వి, కొత్త పెట్టెలో పెట్టి, కొండవతల కొత్త శ్మశానానికి తీసుకెళ్ళి రాయి కూడా నిలబెడుతున్నారు. చెప్పకపోతే వాళ్ళకి తెలిసే దారి లేదు.

పోయిన వారం పేదల ఆశ్రమం వంతు వచ్చింది. అదే, మన వెనక పొలం గోడ అవతల ఉండేది, నువ్వు చిన్నప్పుడు చూసే ఉంటావు. దిక్కులేనివాళ్ళని ఊరి ఖర్చుతో అక్కడ ఉంచేవాళ్ళు, పోతే అక్కడే పాతేవాళ్ళు, రాయి లేకుండా. "ఆశ్రమంవాళ్ళు ప్రౌటీల గోడకి ఆనుకుని అవతల పడుకుని ఉన్నారు" అని ఊళ్ళో ఏ పిల్లవాడిని అడిగినా చెప్తాడు. మనుషులొచ్చి గోడకి ఆనుకుని అవతల తవ్వారు. ఏమీ లేదు. ఇంకా పక్కకి తవ్వారు. ఎముక కాదు కదా, మేకు కూడా దొరకలేదు. ఎప్పుడూ ఎవరూ కదపని మట్టి అన్నారు.

అక్కడ డెలీమా పెల్కీ అనే ముసలావిడ నిలబడి ఉంది. ఆశ్రమంలోనే పుట్టిందట. తల్లి పోయాక ఈమెని వేరే ఊళ్ళో పనికి పెట్టేశారు. తల్లిని తీసుకెళ్ళి తన భర్త పక్కన పెట్టుకోవాలని, పెట్టె మీద కప్పడానికి కుట్టుపని చేసిన గుడ్డ తెచ్చుకుంది. ఖాళీ గోతి చూసి నా మోచెయ్యి పట్టుకుంది.

"టీచరమ్మా, మా అమ్మ ఏది?"

"ఇంకా వెతుకుతారమ్మా."

"నేను ఆలస్యం చేశానని వెళ్ళిపోయిందేమో. నలుగురు పిల్లల తల్లిని, రావడానికి తీరిందా నాకు? అది కోపిష్టిది, మా అమ్మ."

కొట్టు దగ్గర ఇప్పుడు అదే మాట. మనకంటే ముందే పేదవాళ్ళు లేచి ఊరు ఖాళీ చేశారని. మొదట వేళాకోళానికే అన్నారు. "ఎప్పుడూ వాళ్ళనే ముందు గెంటేది, అలవాటైపోయి ఉంటుంది" అన్నాడు లూథర్. ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు చీకటి పడితే ఆ దారిన ఎవరూ నడవడం లేదు. నేను దెయ్యాల్ని నమ్మను. నమ్మనివాళ్ళ జోలికి అవి రావని మాత్రం ఎవరు హామీ ఇచ్చారు?

అమ్మ రోజూ వెనక కిటికీలో దీపం పెడుతుంది చూడు, ఎందుకని అడిగాను. "మీ నాయనమ్మ పెట్టేది. పెట్టమంది. పెడుతున్నా" అంది. ఆ కిటికీ లోంచి కనిపించేది పొలం, లిలాక్, గోడ. గోడ అవతల ఒకప్పుడు ఆశ్రమం. నువ్వా ఇంట్లో పుట్టావు. నీకేమైనా తెలుసా?

థర్జా

*

వూస్టర్
మే 30

థర్జా,

నాకేమీ తెలియదు. చిన్నపిల్లని. ఆశ్రమం నేను పెద్దదాన్నవకముందే మూసేశారు. మన ఇంటివాళ్ళెవరూ ఎప్పుడూ ఆ గడప తొక్కలేదు.

దీపం సంగతి మీ నాయనమ్మకే తెలియాలి, ఆవిడ పోయింది. పైగది ఇంకా ఖాళీగానే ఉంది. ఎండ వృథాగా పోతోంది.

లొవీసా

*

నార్త్ డెనిసన్
సెప్టెంబరు 12

అత్తయ్యా,

మన ఇంటివాళ్ళు ఆశ్రమం గడప తొక్కారా అని నేను అడగలేదు. నువ్వే చెప్పావు. అందుకే ఇన్నాళ్ళూ ఉత్తరం రాయకుండా గోడ చూస్తూ కూర్చున్నాను.

నాతో పాటు ఇంకో గోడల పెద్ద ఉన్నాడు, అమాసా టట్టిల్. ఎనభై నాలుగేళ్ళు, రెండు కళ్ళకీ పొరలు. "నువ్వు చూడవే పిల్లా, నేను సంతకం పెడతా" అంటాడు. "కళ్ళు కనబడనివాడివి గోడల పెద్దగా ఎలా ఉన్నావు తాతా?" అంటే, "యాభై ఏళ్ళుగా చూడకుండానే నెట్టుకొచ్చాను, అదే ఈ పదవికి కావలసిన అర్హత" అన్నాడు. నేను నవ్వాను. అతను నవ్వలేదు.

చూడమంది చట్టం కాబట్టి చూశాను. మన పాత గోడలన్నీ చలికాలాల బరువుకి నేలలోకి కుంగి ఉన్నాయి, అడుగు వరస కనబడదు. వెనక మూల గోడ మాత్రం గడ్డి మీద పెట్టినట్టుంది. పొలం దున్నినప్పుడల్లా తేలే గులకరాళ్ళు మిగతా గోడల మీదకి విసిరేస్తారు కదా, రెండు తరాల గులకరాళ్ళు వాటి పొట్టల్లో ఉన్నాయి. ఈ గోడలో ఒక్కటి లేదు. అన్నిటికన్నా, రాతిపువ్వు. అది గాలీ వెలుగూ తగిలే వైపే పడుతుంది. ఈ గోడలో ఒక రాయి లాగి చూశాను. లోపల, చీకటి వైపు, ఎండిపోయిన రాతిపువ్వు. ఇంకోటి లాగాను. అదీ అంతే. ఈ రాళ్ళన్నీ ఎప్పుడో ఎక్కడో ఎండలో ఉన్నవి. వీటిని విప్పి, తెచ్చి, ఇక్కడ మళ్ళీ పేర్చారు.

తర్వాత ఇంటి వైపు తిరిగి నడిచాను. లిలాక్‌కి ఇవతల, గడ్డిలో సన్నటి పల్లం, పొలం ఈ చివర నుంచి ఆ చివరకి తిన్నగా. పాత గోడ పునాది. పల్లానికీ ఇప్పటి గోడకీ మధ్యే ఆ మూల, నాగలి తగలని మూల, ఏటా మంచు చారలు కరగని మూల. చచ్చినవాళ్ళు ఎక్కడికీ లేచి వెళ్ళలేదు, అత్తయ్యా. గోడే వాళ్ళని దాటుకుని వెళ్ళింది.

భోజనాల దగ్గర నాన్నని అడిగాను.

"గోడ ఎక్కడుంటే అక్కడ మన హద్దు" అన్నాడు.

"ఎప్పుడు జరిపారు?"

"బంగాళాదుంపలు ఇటివ్వు."

"నాన్నా, నీ పొలంలో మనుషులున్నారు."

అప్పుడు ఫోర్కు కింద పెట్టాడు. పొలం రాష్ట్రానికి ఇచ్చినప్పుడు తన భూమిలో సమాధులు లేవని కోర్టులో ప్రమాణం చేసి ఇచ్చానన్నాడు. "నీ ప్రమాణం నలుగురూ నవ్వుకోవడానికి చేయించింది. నాది నిజం ప్రమాణం."

"రెండూ కుడిచెయ్యి ఎత్తి చేసినవే."

అమ్మ దీపం పెట్టడానికి లేచింది.

నాకు అర్థమైంది ఇది: తాత, అదే మీ నాన్న, దిక్కులేనివాళ్ళ శ్మశానం దొంగిలించాడు. అడిగేవాళ్ళు లేరు కదా అని మన పొలం పెంచుకున్నాడు. దున్నడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. డెలీమా ఇప్పటికీ ఆదివారం ఆదివారం వచ్చి ఆ ఖాళీ గోతి పక్కన కూర్చుంటోంది, ఒడిలో ఆ గుడ్డ పెట్టుకుని. తల్లి తన మీద అలిగిందని నమ్ముతోంది. మంచు పడి నేల గడ్డకట్టాక తవ్వేవాళ్ళు వెళ్ళిపోతారు. వసంతానికి మళ్ళీ రారు. తర్వాత నీళ్ళు.

దొంగ మనవరాలు,
థర్జా

*

వూస్టర్
అక్టోబరు 3

థర్జా,

మీ తాత దొంగ కాడు. ఆ మాట నీ చేతి రాతలో చూసి నేను పళ్ళెం జారవిడిచాను. రాయకూడదనుకున్నది ఇప్పుడు రాస్తున్నాను, నీ మీద కోపంతోనే.

నీకు ఇంకో అత్త ఉంది. అల్మైరా. నాకంటే పదేళ్ళు పెద్దది. బాగా నవ్వేది, మెట్లు ఒక్కొక్కటి వదిలేసి దిగేది. పెళ్ళి కాకుండా కడుపొచ్చింది. ఎవరని అడిగితే చెప్పలేదు. మా నాన్న ఒక పొద్దున బండి కట్టి, దాన్ని ఎక్కించుకుని, చుట్టూ రోడ్డు మీదుగా తీసుకెళ్ళి ఆశ్రమంలో దింపి వచ్చాడు. మన వంటింటికీ ఆశ్రమానికీ మధ్య ఒక పొలం, ఒక గోడ, అంతే. వాళ్ళ పొగ మాకు కనిపించేది. "ఈ ఇంట్లో ఆ పేరు వినబడకూడదు" అన్నాడు. వినబడలేదు. ఆ రోజు నుంచీ అమ్మ వెనక కిటికీలో దీపం పెట్టింది. నాన్న చూశాడు, ఆర్పమనలేదు.

చలికాలం ఆఖరున ఆశ్రమం కాపలాదారు వచ్చి గుమ్మంలో నిలబడి ఏదో చెప్పాడు. నాన్న "సరే" అని తలుపేశాడు. వచ్చి కూర్చుని భోజనం మొత్తం తిన్నాడు. తర్వాత అమ్మ నల్ల ఏప్రన్ తీసుకుని పేలికలుగా చింపి బయటికి వెళ్ళాడు. నాకు తొమ్మిదేళ్ళు. వెనకాలే వెళ్ళి కట్టెల చాటున నిలబడ్డాను.

ఇంట్లో చావు జరిగితే తేనెటీగలకి చెప్పాలని నీకు తెలుసు కదా, చెప్పకపోతే అవి అలిగి లేచిపోతాయి. నాన్న పెరట్లో మా తేనెటీగల పెట్టెలు ఒక్కొక్కదానికీ నల్ల పేలిక కట్టాడు, ఒక్కొక్కదాన్నీ మెల్లగా తట్టాడు. "అల్మైరా పోయింది. మన అల్మైరా పోయింది. పసివాడు కూడా" అని ప్రతి పెట్టెకీ చెప్పాడు. మాకెవరికీ చెప్పలేదు. అక్క పోయిందని నేను తేనెటీగలతో పాటు విన్నాను. అమ్మకి పేలికలు చూశాక తెలిసింది.

నేల మెత్తబడగానే ఆయనా మీ నాన్నా గోడ విప్పడం మొదలుపెట్టారు. మీ నాన్నకి పద్నాలుగేళ్ళు. వసంతమంతా మోశారు. మంచుకి గోడ కుంగింది, సరిచేస్తున్నామని అందరికీ చెప్పారు. ఊరి పెద్దలు వచ్చి చూశారు, వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళారు. అమాసా టట్టిల్ అప్పుడే గోడల పెద్ద. అతనూ వచ్చాడు. ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ చూడలేదు.

ఆయనకి బిడ్డని ఇంటికి తెచ్చుకోవడం చేతకాలేదు, థర్జా. తీసుకురావాలంటే ఊరి సభలో లేచి, ఆ పేరు పలికి, అనుమతి అడగాలి. అది చేతకాక ఇంటినే దాని దగ్గరికి జరిపాడు. గోడ కట్టడం అయ్యాక, ముందు గుమ్మం పక్కనున్న లిలాక్‌ని వేళ్ళతో సహా తవ్వి, తీసుకెళ్ళి దాని తల దగ్గర నాటాడు. గుమ్మం తీసుకెళ్ళి ఇచ్చాడు. నువ్వు అడిగిన గుమ్మం అదే.

పోయేటప్పుడు మీ నాన్న చేత ఒట్టు వేయించుకున్నాడు, అల్మైరాని ఎవరూ కదపకూడదని. మీ నాన్న కోర్టులో అన్న అబద్ధం ఆ ఒట్టు కోసమే.

ఇప్పుడు చెప్పు. దాన్ని మళ్ళీ పైకి తీసి, ముక్కూ మొహం తెలియని మనుషులు బుట్టల్లోకి ఎత్తి, నలుగురి ముందూ "ఎవరీవిడ, ఆశ్రమానికి ఎందుకొచ్చింది" అని మాట్లాడుకోవాలా? ఒకసారి అది ఊరి నోట్లో పడింది, చాలు. నీళ్ళ కింద ఉండనీ. నీళ్ళ కిందైనా అది ఇల్లు. నవ్వుతూ నీకిచ్చిన పదవి ఫిబ్రవరిలో పోతుంది. మీ నాన్న నీకు ఆ తర్వాత కూడా నాన్నే.

లొవీసా అత్త

*

నార్త్ డెనిసన్
నవంబరు 5

అత్తయ్యా,

తాతని దొంగ అన్నది తప్పు మాట. అంతకన్నా సరైన మాట నా దగ్గర లేదు.

నీ ఉత్తరం పట్టుకుని లిలాక్ దగ్గర చాలాసేపు కూర్చున్నాను. ఆకులు రాలిపోయాయి. పొగ వాసన. ఊళ్ళో చెట్లన్నీ నరికేశారు కాబట్టి ఇప్పుడు గాలికి చప్పుడే లేదు. అయినా ఏదో వినబడుతున్నట్టే ఉంటుంది, ఎవరో ఒక మెట్టు వదిలేసి ఇంకో మెట్టు మీదకి దూకినట్టు. అది నా ఊహేనని తెలుసు. లేచి ఇంట్లోకి వెళ్ళబోతూ తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాను, నా వెనక ఎవరో రావలసి ఉన్నట్టు. అమ్మ "చలిగాలి వస్తోంది, వేసెయ్" అంది. వెయ్యడానికి చెయ్యి రాలేదు.

నీ ఉత్తరం నాన్నకి చూపించలేదు. పేరు మాత్రం పలికాను. నా ఇరవై అయిదేళ్ళలో ఆ ఇంట్లో ఆ పేరు వినబడడం అదే మొదలు. నాన్న చేతిలో రొట్టెముక్క అలాగే ఉండిపోయింది.

"ఎవరు చెప్పారు?"

"తేనెటీగలు."

ఆయన నవ్వాడనుకున్నాను. నవ్వు కాదు. రొట్టె పళ్ళెంలో పెట్టేసి అన్నాడు: "అది నాకు ఈత నేర్పింది. ఆ రాళ్ళు మోస్తున్నప్పుడు ఎక్కడ కాలు పెట్టాలో నాన్న చూపించేవాడు. ఆ ఒక్క మాటే మాట్లాడేవాడు. ఇక్కడ పెట్టకు, అక్కడ పెట్టు అని."

"నాన్నా, నేను చెప్పేస్తాను."

"చెప్తే నేను కోర్టులో అబద్ధం ఆడినవాణ్ణవుతాను."

"అవును."

"మా నాన్నకి మాటిచ్చానే."

"నేను ఊరికిచ్చాను."

"ఆ ఊరు ఫిబ్రవరిలో చస్తుంది."

"అప్పటిదాకా బతికే ఉంది కదా."

లేచి పశువుల కొట్టంలోకి వెళ్ళిపోయాడు. పశువులు ఎప్పుడో అమ్మేశాం, అక్కడ ఏమీ లేదు. సాయంత్రం అమ్మ కిటికీలో దీపం పెట్టబోతే వద్దన్నాడు. అమ్మ నా వంక చూసింది. కాసేపయ్యాక ఆయనే లేచి, ఒత్తి సరిచేసి, వెలిగించి పెట్టాడు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు, ఈ రోజు వరకూ.

నీళ్ళ కిందైనా ఇల్లే అన్నావు. అల్మైరాకి ఇల్లు. మిగతావాళ్ళకి? తాత ఇంటిని బిడ్డ దాకా జరిపినప్పుడు, ఆ వరసలో పడుకున్న వాళ్ళందరి మీదుగా జరిపాడు. వాళ్ళకీ ఎవరో ఒకరు ఉన్నారు. తనకి ఒక్కదాని కోసం ఏడవడం చేతకాక, ఇంకొకళ్ళు ఏడ్చే చోటు కూడా చెరిపేశాడు. డెలీమా తల్లి ఆ లిలాక్ వరసలోనే ఎక్కడో ఉంది, అలగలేదు, ఎక్కడికీ పోలేదు. డెలీమాకి ఆ ఒక్క మాట కావాలి. ఎవరి ఎముకలు ఎవరివో తేలకపోవచ్చు. తేలకపోతే అందరి మధ్యా నిలబడి ఏడుస్తుంది. ఇప్పుడు ఖాళీ మట్టి మీద ఏడుస్తోంది.

ఊరి నోట్లో పడుతుందని భయపడ్డావు. ఊరికి ఇప్పుడు నోరెక్కడుంది, అత్తయ్యా? పట్టుమని పది ఇళ్ళు లేవు. పైగా తాతకి సభలో పలకడం చేతకాని పేరు ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు సభలో పలకాలి. మన ఇంట్లో ఎవరూ ఏదీ బయటికి అనరు. గోడలు జరుపుతారు, దీపాలు పెడతారు, ఊరు వదిలి వూస్టర్ వెళ్ళిపోతారు. నన్ను తప్పుగా అర్థం చేసుకున్నారని మొదటి ఉత్తరంలో వాపోయాను. నోరు విప్పని ఇంట్లో ఎవరు ఎవరిని సరిగ్గా అర్థం చేసుకుంటారు?

అమాసాకి చెప్పాను. "యాభై ఏళ్ళు చూడలేదు, ఇంక కళ్ళు కూడా లేవు, ఇప్పుడు చూస్తాను పద" అన్నాడు.

కమిషన్‌వాళ్ళకి కబురు పంపాను. డెలీమాకీ పంపాను. సోమవారం పొద్దున గోడ దగ్గర నిలబడి, గోడల పెద్దగా, ప్రమాణం మీద చెప్తాను: ఈ గోడ హద్దు మీద లేదు, జరిపిన గోడ. అసలు హద్దు లిలాక్‌కి ఇవతల, పల్లంలో ఉంది. మధ్యలో మనుషులున్నారు. ఎవరు జరిపారని అడుగుతారు, పేర్లు చెప్తాను. నాన్న కోర్టులో ఏం చెప్పాడని అడుగుతారు, అదీ చెప్తాను. లిలాక్ కింద ఉన్నది అల్మైరా ప్రౌటీ, ఆమె కొడుకు. కొత్త శ్మశానంలో రాయి మీద ఇంటిపేరుతో సహా చెక్కిస్తాను. లిలాక్‌ని వేళ్ళతో తవ్వి నేనే తీసుకెళ్తాను.

పైగది ఇంకొకళ్ళకి ఇచ్చెయ్. సోమవారం తవ్వుతారు.

థర్జా ప్రౌటీ